ఆటోలో వచ్చిన గడప

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చిక్కుడుకాయలు ఒలిచేవాళ్ళు ఒలుస్తూనే ఉండండి, పిల్లకు పాలిచ్చేవాళ్ళు ఇస్తూనే ఉండండి. చెవి మాత్రం ఇటు వెయ్యండి.

నేను చదివింది మరాఠీ బడిలో రెండో ఇయత్త, అంటే రెండో తరగతి వరకే. ఆ పైన నేర్చిన నాలుగక్షరాలు మందు డబ్బాల మీద నేర్చినవి. నాందేడ్‌లో ఒక చిన్న కాన్పుల దవాఖానాలో వయసులో ఉండగా ఆయాగా చేరాను, అక్కడే జుట్టు నెరిసింది. అక్కడ అందరూ నన్ను మావశీ అనేవాళ్ళు, చిన్నమ్మ అన్నమాట. డాక్టరమ్మకు మావశీనే, డాక్టరమ్మ అత్తగారికీ మావశీనే, పుట్టిన పిల్లకూ మావశీనే. ఆఖరికి నా వరస ఏమిటో నాకే తెలియకుండా పోయింది.

ఉద్యోగం విడిచి ఇంట్లో కూర్చున్నాక కూడా అక్కడి కొత్త నర్సు పిల్లలు పండక్కో పబ్బానికో వస్తారు. వచ్చినవాళ్ళు ముందు టీ అడుగుతారు, తరువాత గడప కథ అడుగుతారు. మీకూ అదే చెప్తాను.

అప్పటికింకా సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకి రాలేదు. దవాఖానాలో ఒకటే ఫోను, దాని మీద ఒక కుట్టుగుడ్డ. మా డాక్టరమ్మ మరాఠీ మనిషి. తెలుగు బాగా అర్థమయ్యేది, మాట్లాడితే మాత్రం మరాఠీ వాసన కొట్టేది. ఆమె మాటలు నేను తెలుగులోనే చెప్తాను, మీరు మరాఠీలో అనుకుంటూ వినండి. ఆమెకు కోపం వస్తే అందరిలా గొంతు పెరిగేది కాదు, తగ్గేది. గొంతు ఎంత తగ్గితే మేం అంత దూరం జరిగేవాళ్ళం. ఇంకొకరు మా సిస్టర్. ఆమెకు తన ముక్కు మీద నమ్మకం జాస్తి. ఎవరు పొద్దున ఏం తిని వచ్చారో తలుపు దగ్గరే చెప్పేది.

ఆ రోజు పగటిపూట ఒక జీపు దవాఖానా మెట్ల దాకా ఎక్కినంత పని చేసి ఆగింది. కుండల్‌వాడి నుంచి మనుషులను కుక్కి తెచ్చే జీపే, కానీ ఆ రోజు అందులో ఇద్దరే ఆడవాళ్ళు. ఒకామె వయసు మళ్ళిన మనిషి, పట్టుచీర, నుదుట రూపాయంత బొట్టు. రెండో ఆమె ఏడో నెల గర్భిణి. కొత్త చీర, చేతుల నిండా పచ్చగాజులు, మొహమంతా పసుపు. నడుముకు ముందు పక్క పెద్ద మూట. ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని ఉంది.

వాళ్ళు దిగకముందే జీపు డ్రైవరు దూకి నా దగ్గరికి వచ్చాడు.

"మావశీ, జల్దీ! మేరీ సీట్ పూరీ గీలీ హో గయీ. వో అమ్మా నారియల్ కా పానీ బోల్రీ. ఏక్ నారియల్ మే ఇత్తా పానీ రహతా క్యా?"

సీటంతా తడిసిపోయింది, ఒక్క కొబ్బరికాయలో అన్ని నీళ్ళుంటాయా అని అతని ప్రశ్న. పెద్దామె వద్దంటున్నా ఆ అనుమానంతోనే జీపు ఇటు తిప్పాడట. ఆ ఒక్క ప్రశ్న మీద మా దవాఖానా ఆ పూటంతా నడిచింది.

విషయం ఏమిటంటే, ఆ పొద్దున కుండల్‌వాడిలో పుట్టింటివాళ్ళు ఆ పిల్లకు శ్రీమంతం చేసి ఒడి నింపారు. ఒడిబియ్యం సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, ముత్తయిదువలు పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ, కొబ్బరికాయ పెట్టి నడుముకు మూట కట్టేస్తారు. ఆ మూటతో ఆమె అత్తవారింటి గడప దాటాలి. విప్పేది అక్కడే, దారిలో విప్పకూడదు. ఈ పిల్ల అత్తవారిల్లు నాందేడ్‌లోనే, కిరాణా దుకాణం వాళ్ళు. వెంట దిగబెట్టడానికి వచ్చిన పట్టుచీర ఆమె పిల్లకు పెద్దమ్మ, అంటే తల్లికి అక్క.

మరాఠీవాళ్ళకూ ఇదే ఆచారం ఉంది, ఓటీ అంటారు. అందుకని ఇదేం మూట అని మా డాక్టరమ్మ అడగలేదు. తెలిసిన ఆచారం కాబట్టే ఆమెకు చిక్కొచ్చింది. తెలియకపోతే కత్తెర తెచ్చి కోసేసేది.

పిల్లను బల్ల మీద పడుకోబెట్టామో లేదో, పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"ఎవరూ మూట మీద చెయ్యెయ్యకుండ్రి! అత్తగారి గడప దాటనిది ముడి ఇప్పేది లేదు."

"ఆజీ, పిల్లను చూడాలి కదా," అంది డాక్టరమ్మ. ఆజీ అంటే మరాఠీలో అవ్వ.

"చూడుండ్రి, ఒద్దన్ననా? మొకం చూడుండ్రి, నాలిక చూడుండ్రి, చెయ్యి వట్టి నాడి చూడుండ్రి. మూట జోలికి రాకుండ్రి."

"ఉమ్మనీరు పోయిందో లేదో నాలుక మీద కనపడదు, ఆజీ."

"ఉమ్మనీరు కాదు తల్లీ, కొబ్బరినీళ్ళు. నర్సీ ఊరు దాటినంక జీపు గుంతల వడి ఎగిరింది. టప్పుమన్నది. ఒళ్ళెకెల్లి కొబ్బరికాయ పలిగింది. నా చెవులతోటి ఇన్న."

"టప్పుమన్నది కొబ్బరికాయే అని మీ చెవులు ఎట్లా గుర్తుపట్టాయి?"

పెద్దమ్మ చెవి మీది కొంగు సర్దుకుంది. "మరి ఇంకేముంటది టప్పుమనేటందుకు?" అంది.

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పాలి. మిగతాదంతా నవ్వి మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు. కడుపులో బిడ్డ నీళ్ళ సంచిలో ఉంటుంది. మామూలుగా నొప్పులు మొదలయ్యాక ఆ సంచి పగులుతుంది. కొందరికి నెలలు నిండకముందే, నొప్పి అన్నదే లేకుండా పగులుతుంది. నొప్పి లేదు కదా అని చీర మార్చుకుని ఇంట్లో పడుకుంటారు. మోసం అక్కడే ఉంది. సంచి పగిలిందంటే లోపలికి తలుపు తీసిపెట్టినట్టే. తల్లికీ బిడ్డకీ చీము పట్టకుండా మందు పెట్టాలి. అది సంచి పగిలిందని తేలగానే పెట్టాలి. చలిజ్వరం వచ్చాక చూద్దాంలే అంటే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. అట్లాగని సంచి పగలకుండానే ఊరికే ఆ మందు పెట్టడమూ మంచిది కాదట. చూసి తేల్చుకోవాలి, తేలగానే మొదలుపెట్టాలి. మా డాక్టరమ్మ చూద్దామంటే మూట అడ్డం. చీర కుచ్చిళ్ళ మీదే ముడి. మూట విప్పనిది చీర కదలదు.

సిస్టర్ వంగి మూటను వాసన చూసింది. "కొబ్బరి వాసన ఉంది, మ్యాడమ్," అంది.

"చూసినవా!" అంది పెద్దమ్మ.

"ఖర్జూరం వాసనా ఉంది. పోకల వాసనా ఉంది. పసుపు జాస్తి ఉంది," అని సిస్టర్ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. మూటలో ఉన్నవన్నీ ఆమె ముక్కుకు దొరికాయి, కావలసింది తప్ప. నన్నూ చూడమన్నారు. చూశాను. నాకు నా చేతి ఫినాయిలు వాసనే వచ్చింది. డ్రైవరు తలుపు బయటి నుంచే, "నారియల్ నై జీ, నారియల్ నై!" అని సాక్ష్యం చెప్తూనే ఉన్నాడు.

పెద్దమ్మకు ఒక ఉపాయం తోచింది. "అంత అనుమానముంటె సూది చేతికెయ్యుండ్రి. చేతికి మూట లేదు గదా!"

డాక్టరమ్మ గొంతు తగ్గింది. నేను గోడకు ఆనుకున్నాను.

"ఆజీ, కొబ్బరికాయ పగిలితే నేను సూది వెయ్యను. సంచి పగిలితే సూది వెయ్యకుండా ఒక్క నిమిషం ఆగను. ఏది పగిలిందో నన్ను చూడనివ్వండి."

ఇంత గొడవలో ఆ పిల్ల మూటనే చూసుకుంటూ పడుకుంది. ముడి మీద రెండు పిడికిళ్ళు అట్లాగే ఉన్నాయి. గాజులు లోపలికి ఒత్తుకుపోయి చర్మం ఎర్రబడింది. డాక్టరమ్మ, పెద్దమ్మ వాదన పెట్టుకుని వరండాలోకి పోగానే నేను పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, నీ ఒంటి సంగతి నీకంటె ఎవరికి ఎరుక? నువ్వన్నా చెప్పు."

పిల్ల నా వైపు తిరిగింది. "కొబ్బరినీళ్ళు గావు, మావశీ. నాకెరుకే. ఇంకా కారుతనే ఉన్నయి."

"మరి చెప్పవేందే తల్లీ!"

"చెప్తే ఇప్పుతరు." ముడి వైపు చూసుకుంటూ అంది. "పోయినసారి ఒడి నింపకముందే కడుపు పోయింది. ఈసారి పెద్దమ్మ ఊళ్ళె ముత్తయిదలందరి కాళ్ళకు మొక్కి నింపిచ్చింది. గిప్పుడు నా చేతులతోటి నేనెట్ల ఇప్పుదు? మల్ల ఏమన్న అయితే నేనే చేసుకున్నట్టు గాదా?"

ఆ మాట తరువాత నాకు నవ్వు రాలేదు. మూటలో ఐదు సేర్ల బియ్యమే అనుకున్నాం మేం. ఆ పిల్ల పోయినసారి పోయిన బిడ్డను కూడా అందులోనే కట్టుకుని వచ్చింది.

పోయి డాక్టరమ్మ చెవిలో చెప్పాను. ఆమె మళ్ళీ ఒక్క మాట కూడా పెద్దమ్మతో వాదించలేదు. మందు కలిపి ట్రేలో పెట్టమని సిస్టర్‌కు చెప్పింది. పిల్ల నుదురు చేత్తో చూసింది, నాడి చూసింది, మూట పక్క నుంచే చెవిగొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నది. విని, తల ఊపి, నేరుగా ఫోను దగ్గరికి నడిచింది. అత్తగారికే ఫోను.

పెద్దమ్మ వెంట పరుగెత్తింది. "ఆమెకా? ఆమె నోరు మంచిది గాదు, డాక్టరమ్మా. దార్లనే ఇప్పిండ్రని ఎరుకైతె మా ఏడు తరాలను దులుపుతది!"

"మీరు విప్పలేదు కదా ఆజీ," అని డాక్టరమ్మ పిల్ల చెప్పిన నంబరు తిప్పింది. అటుపక్క కిరాణా దుకాణంలో అత్తగారే ఎత్తింది. డాక్టరమ్మ ఉన్నదంతా చెప్పింది. నీళ్ళు పోయినట్టున్నాయి, మందు ఆలస్యం కాకూడదు, పిల్లను ఇప్పుడు ఆటోల్లో కుదిపి మీ ఇంటికీ మళ్ళీ ఇక్కడికీ తిప్పడం నాకిష్టం లేదు, ముడి మాత్రం విప్పనివ్వడం లేదు. తరువాత మా అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది జవాబు.

"ఆగుండ్రి. అస్తున్న."

ఫోను పెట్టేసి డాక్టరమ్మ నాతో అంది, "మావశీ, ఒక టీ తీసుకురా. నేను తాగడం అయ్యేలోపు ఆమె రాకపోతే, చూడకుండానే మందు మొదలుపెడతాను. ఎవరు ఏడ్చినా సరే."

తెచ్చాను. ఆమె నిలబడే తాగింది. నేను ఎన్నడూ అంత వేడి టీ తేలేదు, ఆమె ఎన్నడూ అంత గబగబా తాగలేదు. కప్పు అడుగు కనపడుతుండగా బయట గోల వినిపించింది.

ఒక ఆటో వస్తోంది. దానికి రెండు వైపులా రెక్కలున్నాయి. దగ్గరికి వచ్చాక తెలిసింది, రెక్కలు కావు. ఆటోకు అడ్డంగా ఒక పెద్ద టేకు దుంగ, ఆ పక్క ఒక మూర, ఈ పక్క ఒక మూర బయటికి పొడుచుకుని వచ్చింది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మధ్యలో బంతిపూల దండ చుట్టారు. దాని వెనక అత్తగారు, దుంగను రెండు చేతులా పట్టుకుని, రాజుగారి ఏనుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. మాహూర్ రేణుకమ్మకు ఏదో మొక్కు పోతోందనుకుని బజారులో మనుషులు ఆగి దండాలు పెట్టారట. ఆమె కూడా కాదనలేదట.

అత్తగారు ఆటో దిగుతుండగానే పెద్దమ్మ ఎదురు పోయింది. "వదినె, మేం ఇప్పలే! ముడి మీద చెయ్యి సుత ఎయ్యనియ్యలే!"

"ఎందుకిప్పలే?" అంది అత్తగారు.

ఆ ప్రశ్న పెద్దమ్మ లెక్కలో లేదు. "అత్తగారి గడప దాటాలె గదా వదినె…"

"గడప ఏడున్నది వదినె మా ఇంట్ల? గుమ్మం ఎత్తుజేస్తనని వడ్లాయన పొద్దుగాలనే పీకి గోడకు నిలబెట్టిండు. మీరొచ్చే యాళ్ళకు కూసోబెడ్తనన్నడు. మనిషి లేడు, జాడ లేదు. నువ్వు బిడ్డను తీసుకొని ఇంటికే అచ్చినా, గడప దాటుడు ఏడిది, బొంద దాటాలె!" అని ఆటోవాడి వైపు తిరిగింది. "దించు నాయనా. కోడలు గడప తాన్కి రాలేదు, గడపే కోడలి తాన్కి అచ్చింది. ఎవరచ్చినా ఒక్కటే."

అదమ్మా సంగతి. ఎవరి నోటికి భయపడ్డామో ఆ నోరే ముడి విప్పే దారి చూపింది. డాక్టరమ్మ ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి, "గడప లోపలి గది తలుపు దగ్గర పెట్టించండి," అంది, మంచం జరపమన్నంత మామూలుగా.

పెట్టాం. పిల్లను పడుకోబెట్టి తోసే బండి మీదకు మార్చాం. నడవనివ్వనని డాక్టరమ్మ ముందే చెప్పింది. గడప దగ్గరికి వచ్చి బండి ఆగిపోయింది.

"కుడికాలు ముందట!" అంది పెద్దమ్మ.

బండికి కాళ్ళు లేవు, చక్రాలున్నాయి. కుడి చక్రం ఏది? తల గది వైపు పెట్టి పడుకున్న పిల్లకు కుడి ఒక పక్క, తోసే నాకు కుడి ఇంకో పక్క. సిస్టర్ ఒక చక్రం చూపింది, పెద్దమ్మ ఇంకొకటి. ఆటోవాడు, జీపు డ్రైవరు చెరొక వైపు ఎత్తి పట్టుకుని, ఏది ముందు దించాలో తెలియక చెమటలు కారుస్తూ నిలబడ్డారు.

డాక్టరమ్మ గొంతు పూర్తిగా తగ్గింది. "ఈ చక్రం కుడిది. నేను చెప్తున్నా. దించండి."

ఆ చక్రం దిగబోతుంటే మా సిస్టర్ గుమ్మంలో రెండు చేతులు చాపి అడ్డం నిలబడింది. "నావ్ ఘే!" అంది. మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తాను అని.

"సిస్టర్!" అంది డాక్టరమ్మ.

"అలవాటులో వచ్చేసింది, మ్యాడమ్," అని సిస్టర్ నాలుక కరుచుకుంది. కానీ పిల్ల బండి మీద పడుకునే మెల్లగా పేరు చెప్పేసింది. చెప్పి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది అదే మొదటిసారి. ఆ పేరు నేను చెప్పను, అది ఆమె నోటికే అందం.

బండి గడప దాటింది. అత్తగారు హారతి తిప్పి, కోడలి పిడికిళ్ళ మీద తన చేతులు పెట్టింది. "ఇగ ఇడువు బిడ్డా. ఇంటికొచ్చినవు," అంది. పిడికిళ్ళు విడిపోయాయి. ముడి అత్తగారే విప్పింది.

బియ్యం ముద్దముద్దగా తడిసి ఉంది. దాని మధ్యలో కొబ్బరికాయ ఉంది. చిన్న గీత కూడా లేకుండా, రాయిలాగా, నిండుగా. నేను చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"మరి టప్పుమన్నదేంది?" అంది పెద్దమ్మ. అంటూనే సంగతి తట్టి మెల్లగా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

డాక్టరమ్మ చూసింది. నీళ్ళే. బొడ్డుతాడు జారలేదు, బిడ్డ గుండె బాగుంది, జ్వరం లేదు. నేను బియ్యం ఎత్తడం అయ్యేలోపే మందు ఎక్కింది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే సూది వేరే పడింది. పసిపిల్లల డాక్టరు సారుకు కబురు పోయింది. ఆ తడిసిన బియ్యాన్ని వండకూడదని డాక్టరమ్మ, పారేయకూడదని పెద్దమ్మ. అత్తగారు పోయి గోదావరిలో కలిపి వచ్చింది. చేపలు శ్రీమంతం భోజనం చేశాయి.

ఆ పిల్ల మా దగ్గరే ఉండిపోయింది. మంచం మీదే ఉంచి, జ్వరం చూస్తూ, బిడ్డ గుండె వింటూ కడుపులో ఎన్నాళ్ళు ఆగితే అన్నాళ్ళు లాభమని డాక్టరమ్మ మాట. సూదులయ్యాక మందు గోళీలు. గోళీ వేళ తప్పకూడదు. ఆ వేళను కాచింది ఎవరనుకున్నారు? పెద్దమ్మే. కుండల్‌వాడి పోకుండా వార్డులోనే చాప పరుచుకుంది. "సిస్టరమ్మా, గోళీ యాళ్ళయింది! నువ్వు చాయ్ తర్వాత తాగు!" అని సిస్టర్ వెంట పడేది. సిస్టర్ ఆమెకు భయపడి స్టోర్ గదిలో దాక్కునేది, ఆమె వాసన పట్టినట్టు అక్కడికీ పోయేది.

గడప మాత్రం మంచం కింద ఉంది. తీసుకుపొమ్మంటే, వడ్లాయన, అదే వడ్రంగి, ఇంకా దొరకలేదని అత్తగారు అంది.

కొన్నాళ్ళకు పెద్దమ్మ లేచి కూర్చుని కొత్త ముడి వేసింది. "డాక్టరమ్మా, తొలి కాన్పు పుట్టింట్ల గావాలె. ఇది అత్తగారిల్లని మీరే తీర్మానం జేస్తిరి. అత్తగారింట్ల తొలి కాన్పు ఎట్ల జేస్తరు?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అత్తగారే మళ్ళీ ఆదుకుంది. "దానికింత యోచన ఎందుకు వదినె? కాన్పు గదికి గడప పెడ్దాం. ఇటుపక్క మాది, అటుపక్క మీది."

అట్లా మా కాన్పు గది కుండల్‌వాడి అయింది. పటంలో చూస్తే ఎక్కడో బిలోలి అవతల ఉంటుంది, మాకు మాత్రం ఫినాయిలు గది పక్కనే.

తొమ్మిదో నెల పడ్డాక ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. నేనూ సిస్టరూ బండి తోసుకుంటూ పరుగెత్తాం. ఆ హడావిడిలో గడప మాకు గుర్తులేదు. పెద్దమ్మకూ గుర్తులేదు, ఆమె దేవుళ్ళందరినీ పిలిచే పనిలో ఉంది. బండి కాన్పు గది గుమ్మంలోకి వచ్చింది. లోపల చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ తల తిప్పి చూసింది.

"ఆగండి!" అంది. గొంతు తగ్గలేదు, పెరిగింది. ఆమె గొంతు పెరగడం నేను ఆ ఒక్కసారే విన్నాను. "మావశీ, గడప ఏది?"

పరుగెత్తి తెచ్చి పడేశాం.

"కుడి చక్రం!" అంది డాక్టరమ్మ.

ఆడపిల్ల. కోడిపెట్టంత కూడా లేదు, ఏడుపు మాత్రం వాళ్ళ నాయనమ్మ ఏడుపు, బజారు దాకా వినపడింది. తల్లికి జ్వరం రాలేదు, పిల్లకు చీము పట్టలేదు. కొన్నాళ్ళు పిల్లల డాక్టరు సారు గాజుపెట్టెలో ఉండి, పాలు తాగడం నేర్చుకుని బయటికి వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు ఆటో మాట్లాడారు. నాయనమ్మ ఒళ్ళో పిల్ల, కాళ్ళ మీద గడప, రెండు వైపులా ఒక్కో మూర బయటికి. ఈసారి దండాలు పిల్లకు పెట్టారో గడపకు పెట్టారో తెలియదు.

మొన్న వాళ్ళింట్లో పసుపుకుంకుమకు పిలిస్తే పోయాను. గడప దాని చోట అది ఉంది. వంగి చూశాను. పసుపు కింద మా బండి చక్రాల ఒత్తులు ఇంకా ఉన్నాయి. వడ్రంగి చెక్కి నునుపు చేస్తానన్నాడట, అత్తగారు ఒప్పుకోలేదట. ఆ చక్రాల పిల్ల పరికిణీ కట్టుకుని దాని మీదే కూర్చుంది. గడప మీద కూర్చోవద్దని అందరినీ తిట్టే ఆ నాయనమ్మ దాన్ని మాత్రం ఏమీ అనలేదు.

ఇదమ్మా కథ. నెలలు నిండకుండా తడి కనిపిస్తే, నొప్పి లేకపోయినా, కొబ్బరినీళ్ళని ఎవరు చెప్పినా, దవాఖానాకే పొండి. గడపకేం తొందర, అది వెనక ఆటోలో వస్తుంది. మీ ఇంటి గడపకు ఏనాడూ పసుపు ఆరకూడదు. దాన్ని దాటి లోపలికి వచ్చే చిన్న కాళ్ళూ పెద్ద కాళ్ళూ, ఒకవేళ చక్రాలైనా సరే, అన్నీ చల్లగా రావాలి.